రిసార్టు సెలవులు: ఖర్చుకు తగ్గ సుఖమేనా?



ఈ రోజు నేను మాట్లాడబోయేది డబ్బు సంగతి. ఇంటిల్లిపాదీ సెలవులకు బయలుదేరి, రోజుకు ఎనిమిదివేలో పదివేలో గది బాడుగ పోసి, రిసార్టు అనే చోట రెండు రాత్రులు గడిపి రావడం మనబోటి నెలజీతం వాళ్ళకు తగిన పనేనా? ఇది నేను ఎక్కడో చదివి చెబుతున్నది కాదు. 2025 ఏప్రిల్‌లో మా ఇంట్లో జరిగిన వాదన, మేము పెట్టిన ఖర్చు, అందులో దక్కినది, దక్కనిది ఉన్నది ఉన్నట్టు మీ ముందు పెడతాను.

మాది కోలారు జిల్లా, శ్రీనివాసపురం తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నేను హైస్కూల్లో సమాజశాస్త్రం చెబుతాను. మా ఆయన ఒక సహకార సంఘంలో గుమాస్తా. అమ్మాయి అప్పుడే రెండో పి.యు.సి. పరీక్షలు రాసింది. అబ్బాయి ఏడో తరగతి. మా అత్తగారికి డెబ్భై రెండేళ్ళు. ఆమెకు రెండెకరాల మామిడితోట, రెండు పాడి ఆవులు, వాటితోపాటు మేమూ.

రిసార్టు మాట మొదట ఎత్తినది అబ్బాయి. తరగతిలో ఎవరో ఈతకొలను పక్కన తీయించుకున్న ఫోటో చూపించారట. మా ఆయన ఒక్క మాటతో కొట్టిపారేశారు. మా తోడికోడలు, "ఆ డబ్బుతో తిరుపతికి నాలుగుసార్లు పోయి రావచ్చు కదా అక్కా" అన్నది. అదీ నిజమే. కాని నా మనసులో వేరే లెక్క ఒకటి తిరుగుతున్నది. అమ్మాయి వానాకాలం మొదలయ్యేసరికి ఎక్కడో ఒక హాస్టలుకు వెళ్ళిపోతుంది. పధ్నాలుగేళ్ళు బడికి, ట్యూషనుకు, పరీక్షలకు తోలడమే తప్ప ఆ పిల్లతో నేను తీరిగ్గా కూర్చున్న రోజు ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు. గాజులు చేయించుకుందామని నేను కట్టిన లక్ష రూపాయల చీటీ ఒకటి ఉన్నది. పాడుకుంటే ఎనభై రెండు వేలు చేతికి వచ్చింది. బంగారు గనుల జిల్లాలో పుట్టాను గాని ఆ గనులు 2001లోనే మూతపడ్డాయి, నా గాజులు కూడా కొంతకాలం మూతపడితే ఏమని మా ఆయనతో అన్నాను. ఆయన నవ్వలేదు. కాని సరే అన్నారు.

కొడగులో మడికేరికి పన్నెండు కిలోమీటర్ల అవతల, కాఫీ తోటల నడుమ ఒక రిసార్టు. ఆ పేరు మనకు అనవసరం. కొడగు జిల్లాకు రైలు లేదు, కాబట్టి కారు బాడుగకు మాట్లాడుకున్నాము. లెక్క చెబుతాను, కావాలంటే రాసుకోండి. గదికి రోజుకు 8,500. ఐదుగురము కాబట్టి రెండు గదులు, రెండు రాత్రులు, 34,000. దాని మీద 18 శాతం పన్ను, 6,120. బాడుగలో చేరినది ఉదయం ఫలహారం మాత్రమే. ఒక పగటి భోజనం, రెండు రాత్రి భోజనాలు, మనిషికి 800 చొప్పున 12,000. దానికీ 18 శాతమే, 2,160. బయట హోటల్లో తింటే భోజనానికి 5 శాతం పన్ను. గది అంత ఖరీదైన చోట తింటే ఆ పన్ను కూడా గది స్థాయికి ఎక్కుతుందని నాకు బిల్లు చూసేదాకా తెలియదు. కారుకు, డ్రైవరు బత్తాకు 13,000. దారి ఖర్చులు, టిక్కెట్లు 2,700. మొత్తం డెబ్భైవేలకు ఇరవై రూపాయలు తక్కువ.

ఇంకొక మాట. రెండు రోజులు అంటారు గాని, గదిలో అడుగుపెట్టనిచ్చేది మధ్యాహ్నం రెండింటికి, ఖాళీ చేయమనేది మూడోనాడు పదకొండింటికి. నలభై ఐదు గంటలు. రిసార్టుకు కట్టిన 54,280ని దానితో భాగిస్తే గంటకు పన్నెండు వందల పైచిలుకు. నిద్రపోయిన గంటలతో సహా!

తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరి, బెంగళూరు, మైసూరు దాటి రెండింటికి చేరుకున్నాము. ఫోటోలో కొండలు కనిపించిన కిటికీలోంచి చూస్తే కార్లు నిలిపే చోటు, దాని పక్కన జనరేటరు. అడిగితే గదులన్నీ నిండినాయన్నారు. ఈతకొలనులో దిగాలంటే నైలాను బట్టలే వేసుకోవాలట, 450 పెట్టి అబ్బాయికి అక్కడే కొన్నాము. అన్నిటికంటే నన్ను సిగ్గుపడేలా చేసినది డ్రైవరు సంగతి. అతనికి పడుకునే చోటు లేదు, కారులోనే పడుకున్నాడు. గది మాట్లాడుకునేటప్పుడు అతని గురించి అడగాలని ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదు.

కట్టిన డబ్బు వసూలు చేసుకోవాలని మా ఆయన ఆ సాయంత్రమే అందరినీ మళ్ళీ కారెక్కించారు. అబ్బీ జలపాతం, రాజాసీటు. ఏప్రిల్లో జలపాతంలో నీళ్ళెక్కడివి? బండల మీద సన్నని ధార. రాత్రి ఎనిమిదింటికి తిరిగివచ్చేసరికి అందరికీ నడుములు పట్టేశాయి. మేము తిరిగినంతసేపూ ఆ ఖరీదైన గదులు తాళం వేసుకుని మా బాడుగ తింటూ కూర్చున్నాయి. ఊరంతా తిరగదలచుకుంటే మడికేరిలోనో, కుశాలనగరులోనో ఒక మామూలు లాడ్జి చాలు. ఈ చిన్న సంగతి ఆ రోజే బోధపడింది.

గదిలో మరొక గొడవ. అబ్బాయి స్నానాల తొట్టిని అంచుదాకా నింపాడు. మా అత్త చూసి నిలువునా నీరైపోయింది. "పన్నెండు బిందెలు రా అది! ఒక్కడు పండుకునేదానికి పన్నెండు బిందెలా!" ఇది పిసినారితనమని మీరనుకోరు. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న మనందరికీ వెయ్యి అడుగులు దాటిన బోర్లు తెలుసు, ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టడం తెలుసు. ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేని జిల్లా మాది. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి మా చెరువులకు పంపుతున్నారు. అటువంటి ఊరి మనిషికి ఆ తొట్టి సుఖంగా ఎట్లా తోస్తుంది? ఆ నీళ్ళతోనే ఆమె అందరి బట్టలూ ఉతికి వరండా కమ్మీకి ఆరేసింది. రిసార్టువాళ్ళ ముఖాలు చూడాల్సింది.

రెండోనాడు మంగళవారం. తెల్లవారి నాలుగున్నరకే అత్త లేచింది. పాలు పితకాలి గదా, అలవాటు. ఆవులు లేవు. పొయ్యి లేదు. ఏమి చేయాలో తెలియక మూలనున్న చీపురు తీసి గది ముందరి ఆకులు ఊడ్చింది. ఊడ్చే కుర్రాడు పరుగున వచ్చి, "అజ్జీ, మేనేజరు చూస్తే నన్ను తిడతాడు" అని కన్నడంలో బతిమాలుకున్నాడు. ఆమె చీపురు ఇచ్చేసి కుర్చీలో కూర్చుంది. కాళ్ళు చాపుకోవడానికి కూడా ఆమెకు చాలాసేపు పట్టింది.

మా ఆయన, అబ్బాయి దుబారెకు ఏనుగుల స్నానం చూడడానికి పోయారు. నేను రానన్నాను. అమ్మాయి కూడా ఉండిపోయింది. ముగ్గురు ఆడవాళ్ళము, మా ముగ్గురికీ ఒకేసారి పని లేదు. ఇరవై ఏళ్ళ కాపురంలో ఇటువంటి రోజు నాకు జ్ఞాపకం లేదు. పండగ వస్తే వంట. పెళ్ళికి పోతే అక్కడ కూరగాయలు తరగడం. పుట్టింటికి పోతే అమ్మకు సాయం. పుణ్యక్షేత్రానికి పోతే వరుసలో నిలబడడం.

తోటలో కాఫీ చెట్ల పూత అయిపోయి పిందె పట్టింది. అత్త అక్కడి కూలీని నాకు వచ్చిన కన్నడం ద్వారా విచారించింది. మొదటి వాన పడితేనే పూత, ఆ తర్వాత మరొక వాన పడితేనే పిందె నిలుస్తుందని, వాన రాకపోతే తుంపర గొట్టాలతో తడుపుతారని అతను చెప్పాడు. "మన మామిడికి పూత మీద వాన పడితే పాయె. దీనికి వానే కావాలంట చూడు" అని ఆమె ఎంత ఆశ్చర్యపడిందో! ఈ ముచ్చటలోంచి తన చిన్నతనం ముచ్చట వచ్చింది. ఏడో తరగతి పాసైనప్పుడు బడి అయ్యవారు ఇంటికి వచ్చి, పిల్లను టీచరు ట్రైనింగుకు పంపండి, కోలారులో హాస్టలు ఉన్నది అని అడిగారట. వాళ్ళ నాయన ఆడపిల్ల హాస్టల్లో ఉండడమేమిటని అయ్యవారిని గడప దాటనివ్వలేదట. "మూడు దినాలు ఏడ్చినా. ఆనాక పెండ్లి అయిపోయె" అన్నది.

నేను అలాగే ఉండిపోయాను. నా పెళ్ళయిన మూడో నెలలో, వద్దంటున్న మామగారిని ఒప్పించి నన్ను బి.ఎడ్.కు పంపినది ఈమె. రెండేళ్ళ పసిపిల్లను తన దగ్గర ఉంచుకుని నన్ను ఉద్యోగానికి తోలినది ఈమె. ఎందుకని నేను ఒక్కనాడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. నా కూతురు అవ్వ చెయ్యి పట్టుకుని, "అవ్వా, నేను హాస్టలుకు పోతే నీకేమీ బెంగ లేదా?" అన్నది. "ఉంటే ఉండనీ. నువ్వు పో" అన్నది అత్త.

ఈ మాటలు ఇంట్లో రావా, దీనికి డెబ్భైవేలు కావాలా అని మీరు అడగవచ్చు. నేనూ అడుక్కున్నాను. ఇంట్లో ఇరవై ఏళ్ళు రాలేదు. పొద్దుగూకేసరికి ఆమె అలిసిపోతుంది, నేను నోటుబుక్కులు దిద్దుతూ ఉంటాను, టీవీ తన దారిన తాను మాట్లాడుతూ ఉంటుంది. అందువల్ల ఆ పగలు ఒక్కటీ నాకు దండగ అనిపించలేదు. అయితే ఆ పగటికి స్నానాల తొట్టి అక్కరలేదు, ఈతకొలను అక్కరలేదు, ఎనిమిది రకాల తీపి వంటకాలు అంతకన్నా అక్కరలేదు. ఇన్ని డబ్బులు కట్టాము గదా అని మా ఆయన అన్నీ తిన్నారు, తిరుగు దారిలో రెండుచోట్ల కారు ఆపవలసి వచ్చింది. వేరొకరు వండి పెట్టే చోటు, చెట్టు నీడ, ఒక వరండా, ఇంతే కావలసినది. కొడగులోనే తోటల ఇళ్ళలో బస ఇచ్చేవాళ్ళు బోలెడుమంది, బాడుగ చాలా తక్కువ. మదనపల్లి దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ ఉన్నది, అదే కడప కలెక్టరు పేరు మీద హార్స్‌లీ కొండ అయినది. ఎత్తులో మడికేరికి ఏమీ తీసిపోదు. మా ఊరికి రెండు గంటల దారి. అక్కడికి పోయి ఉంటే నలభైవేలు మిగిలేవి, అత్త మాటలు అక్కడా వచ్చేవేమో.

అయినా పెద్ద రిసార్టుకే వెళ్ళాలనుకునేవారు ఫోనులోనే కొన్ని సంగతులు తేల్చుకోండి. బాడుగలో ఏ పూట భోజనం చేరింది, పిల్లలకు ఎన్ని ఏళ్ళ దాకా సగం, డ్రైవరుకు చోటు ఉన్నదా, కిటికీ ఎటు తెరుచుకుంటుంది. శని ఆదివారాలు వదిలి వారం మధ్యలో అడగండి, చాలాచోట్ల తగ్గుతుంది. పన్ను మాట ముఖ్యం. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న గదికి పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ గీత దాటితే 18 శాతమే. అంటే 7,500 గది పన్నుతో 7,875 అవుతుంది. 8,000 గది 9,440 అవుతుంది. ఐదువందల తేడాకు పదిహేనువందల పైన కడతాము! ఇంకా ఒకటి, వెళ్ళేదాకా అప్పు చేయకండి. చీటీ డబ్బో, దాచిన డబ్బో అయితేనే పోండి. వాయిదాలు కట్టుకుంటూ జ్ఞాపకం చేసుకునే సెలవు సెలవు కాదు.

బుధవారం తిరిగి వస్తూ కుశాలనగరు వంతెన దగ్గర అత్త కారు ఆపమన్నది. కావేరిలో నీళ్ళు పలచగా పారుతున్నాయి. కాళ్ళు కడుక్కుని, రిసార్టువాళ్ళు గదిలో పెట్టిన ఖాళీ సీసాలో నీళ్ళు పట్టుకుంది. ఆ సీసా ఇప్పుడు మా దేవుడిగూట్లో ఉన్నది. కారెక్కినాక ఖర్చు ఎంతైందని అడిగింది. నేను చెప్పాను. మైసూరు దాకా మాట్లాడలేదు. మైసూరు దాటాక, "గాజులు నేను చేయిస్తాలే, కాయ రేటు బాగుంటే" అన్నది. ఆ యేడు రేటు బాగాలేదు.

అమ్మాయికి ధారవాడలో సీటు వచ్చింది. హాస్టల్లో ఉన్నది. ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది, మొదట అవ్వకే ఇమ్మంటుంది. నేను కొత్త చీటీలో చేరాను, ఇరవై నెలలది. మూడు కంతులు కట్టాను.

సెలవు.