అంతరిక్షంలో బ్రేకు ఉండదండీ



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక మనకి దొరికే అరగంటలో నేనీమధ్య రాకెట్లు నడపడం నేర్చుకుంటున్నాను. కంప్యూటర్ ఆటలో లెండి! "ఈ వయసులో మీకిదేటండీ, పిల్లల ఆటలు?" అన్నారు మా కంచరపాలెంలో పక్కింటావిడ. ఎందుకో ఇవాళ మీకు చెబుతాను.

ఆట పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రాం. మెక్సికో దేశంలో స్క్వాడ్ అనే సంస్థ తయారుచేసి 2015లో పూర్తి రూపంలో విడుదల చేసింది. రాకెట్టును మనమే పేర్చుకోవాలి, మనమే పైకి పంపాలి. అందులో ప్రయాణించేవాళ్ళు ఆకుపచ్చని బుల్లి మనుషులు.

దీన్ని గేమ్‌ప్యాడ్‌తో ఆడవచ్చు. రెండు చేతులా పట్టుకునే ఈ పరికరం మీద బొటనవేళ్ళకి రెండు చిన్న స్టిక్కులు, చూపుడువేళ్ళకి మీటలు ఉంటాయి. చూడగానే కంగారు పుడుతుంది. కానీ కుట్టుమిషను తొక్కినవాళ్ళకి ఇదేం కొత్త విద్య కాదు. కాలు వేగం చూసుకుంటూంటే చెయ్యి గుడ్డని తిప్పడం లేదూ? స్టిక్కు కొంచెం వంచితే రాకెట్టు నెమ్మదిగా, బాగా వంచితే గబగబా తిరుగుతుంది. ఏ మీట ఏ పని చేస్తుందో కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. నాలుగు రోజులకి ఆ కాగితం అక్కర్లేదు.

రాకెట్టు నిట్టనిలువుగా పోతే చాలదండోయ్. అలా పోయినది తిరిగి కిందికే పడుతుంది. కొంత ఎత్తు వెళ్ళాక మెల్లగా తూర్పుకి వంచి, పక్కకి వేగం పెంచాలి. భూమి తూర్పుకే తిరుగుతోంది కాబట్టి ఆ వేగం మనకి ఊరికే కలిసివస్తుంది. శ్రీహరికోట దగ్గర అది సెకనుకి సుమారు 450 మీటర్లు. పైగా తూర్పున సముద్రం ఉంది, విడిపోయిన భాగాలు జనం మీద పడవు. మన రాకెట్ల రేవు అక్కడ ఎందుకు పెట్టారో ఆటలో స్టిక్కు వంచుతూంటే అర్థమైంది.

ఇక రెండోది, పైన బ్రేకు ఉండదు. బాగా పౌడరు చల్లిన క్యారమ్ బోర్డు మీద కాయలా, ఒకసారి తోస్తే పోతూనే ఉంటుంది. ఆపాలంటే ఎదురు దిక్కుకి అంతే తోపు ఇవ్వాలి. అందుచేత చిన్నగా తాకడం, వెంటనే వదిలెయ్యడం, ఆగి చూడడం, ఇవే ముఖ్యం. మన రేవులోకి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి వచ్చే ఓడా అంతే కదా, వేగం ముందే తగ్గించుకుని, టగ్గుల సాయంతో ఒడ్డు చేరుతుంది.

ఇంకో తమాషా. ఒకే కక్ష్యలో ముందున్న నౌకని అందుకోవాలంటే వేగం తగ్గించాలి! తగ్గిస్తే మన నౌక కిందికి దిగుతుంది. కింది దారి చిన్నది, పైగా అక్కడ నడక చురుకు. అలా దాన్ని అందుకుంటాం.

నిజం నౌకలకీ ఇదే నేర్పు కావాలి. 2024 డిసెంబరు 30న ఇస్రో శ్రీహరికోట నుంచి స్పేడెక్స్ పేరుతో రెండు చిన్న ఉపగ్రహాలను పంపింది. ఒక్కోటీ సుమారు 220 కిలోలు. జనవరి 12న వాటిని 3 మీటర్ల దూరం దాకా తెచ్చి, మళ్ళీ వెనక్కి జరిపారు. తొందరపడలేదు. జనవరి 16న అవి కలిశాయి. అమెరికా, రష్యా, చైనాల తర్వాత ఈ పని సాధించిన నాలుగో దేశం మనదే.

నేను చదివింది పదో తరగతి. ఇంటికి కొత్త పరికరం ఏదొచ్చినా "నేను ముట్టుకోను, పాడైపోతుంది" అనడం మనలో చాలామందికి అలవాటు. ఈ ఆటలో రాకెట్టు కూలినా, పప్పు మాడినంత నష్టం కూడా లేదు. మళ్ళీ మొదలెట్టవచ్చు. ఫిజిక్సు పుస్తకం పట్టుకుని ఇప్పుడు మా అమ్మాయి నా దగ్గరికి కూడా వస్తోంది. కక్ష్య అంటే ఏమిటో ఇద్దరం కాగితం మీద గీసుకుంటున్నాం.

గడియారం మాత్రం ఎదురుగా పెట్టుకోండి. అరగంట కాగానే లేచి కళ్ళకి విశ్రాంతి ఇవ్వండి. ఇంట్లో పిల్లల గేమ్‌ప్యాడ్ ఉంటే రేపొకసారి చేతిలోకి తీసుకుని చూడండి.

సెలవు.