చెయ్యి కలిపి ఆట మొదలుపెడదాం



"వాడితో మాకు మాటల్లేవు, ఆటకు ముందు చెయ్యెలా ఇస్తాం?" అని మన పిల్లలు అడుగుతుంటారు. ఈ చిక్కు గోదావరి ఒడ్డునే కాదు, ఇంగ్లండులోనూ వచ్చింది. ఎవ్రా అనే నల్లజాతి ఆటగాణ్ణి రంగు ఎత్తి దూషించినందుకు సువారెజ్‌పై 8 ఆటల నిషేధం పడింది. 2012 ఫిబ్రవరి 11న ఇద్దరూ మళ్లీ ఎదురుపడ్డారు. మాటపడ్డ ఎవ్రాయే చెయ్యి చాచాడు. సువారెజ్ అందుకోలేదు. మర్నాడు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

చెయ్యి కలిపితే తగాదా తీరిపోయినట్టు కాదు, తప్పు ఒప్పయిపోయినట్టూ కాదు. తగాదా పెద్దల దగ్గర తేల్చుకుందాం. మైదానంలో మాత్రం ఇద్దరం ఒకే ఈలకు కట్టుబడతామని, బంతినే తంతాం గాని కాళ్లను తన్నబోమని ఇచ్చే మాట అది.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు తీర్చిదిద్దిన భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. స్టేడియమంతా మనవాళ్లను గేలి చేస్తుంటే, పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మనవైపు నిలిచి కేకలు వేశారని మన ఆటగాళ్లే చెప్పేవారు. హాకీ ఫైనలులో మనతో హోరాహోరీ పోరాడినవారే వాళ్లు!

పండగనాడు ఈద్గా దగ్గర మాటల్లేని అన్నదమ్ములు కూడా అలాయ్ బలాయ్ తీసుకుంటారు గదా. మైదానంలో మాత్రం చెయ్యి దాచుకోవడమెందుకు? గెలుపోటములు సాయంత్రానికి తేలిపోతాయి. తెల్లారితే అదే వీధిలో, అదే రేవులో మనం మనం ఎదురుపడాలి. ముందు చెయ్యి చాచినవాడు మన కుర్రవాడే కావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.