మీ తరఫున ఎవరు మాట్లాడాలి?



సైకియాట్రీలో, క్లినికల్ సైకాలజీలో, నర్సింగులో ఈరోజు పట్టాలు అందుకున్న మీలో చాలామంది మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిలోనే పనిచేస్తారు. ఇక్కడి పేషెంటుకు ఉద్యోగం ఇక్కడ, ఇంటివాళ్లు ఎక్కడో.

ఒక రాత్రి పీజీ హాస్టల్ నుంచి ఒక కుర్రాణ్ణి రూమ్మేట్ నా దగ్గరికి తీసుకొచ్చాడు. నాలుగు రోజులుగా నిద్ర లేదు. మెడలో కంపెనీ ఐడీ కార్డు అలాగే ఉంది. అందులో కెమెరా పెట్టారని దాన్ని పదేపదే తిరగేసి చూసుకుంటున్నాడు. "మా నాన్నకు మాత్రం చెప్పకండి సార్" అన్నాడు. అంతలోనే రూమ్మేట్ ఫోన్ మోగింది. శ్రీకాకుళం నుంచి ఆ నాన్నే. ఫోన్ తీసుకుని, "మీరు చెప్పండి, వింటాను" అన్నాను. రెండేళ్ల కిందటా ఇలాగే అయిందనీ, మందులు సగంలో ఆపేశాడనీ చెప్పి ఏడ్చారాయన. ఆ మాటతోనే నాకు దారి తెలిసింది. పేషెంటు గుట్టు కాపాడమంది చట్టం, ఇంటివాళ్ల గోడు వినొద్దనలేదు.

1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం కింద బంధువు దరఖాస్తు, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు ఉంటే మనిషిని 90 రోజుల దాకా ఆస్పత్రిలో ఉంచగలిగేవారు. 2017 చట్టం ఆ వరస మార్చింది. మేజరైన ఎవరైనా సాదా కాగితం మీద రాసి, సంతకమో వేలిముద్రో వేసి తన ప్రతినిధిని ఎంచుకోవచ్చు. ఎంచుకోకపోతేనే బంధువు వంతు. ఒప్పుకోలేని స్థితిలో చేర్చాలన్నా ఆ ప్రతినిధే దరఖాస్తు పెట్టాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి. మొదటి గడువు 30 రోజులే.

అలాగని కుటుంబాన్ని గుమ్మం బయట నిలబెట్టకండి. 2020లో విశాఖలో సుధాకర్ అనే డాక్టర్‌ను పోలీసులు చేతులు కట్టి తీసుకెళ్లి, మానసిక ఆస్పత్రిలో చేర్చినప్పుడు హైకోర్టులో హెబియస్ కార్పస్ వేసింది ఆయన కన్నతల్లే.

ఆ హాస్టల్ కుర్రాడు తేరుకున్నాక ప్రతినిధిగా రాసిన పేరు నాన్నది కాదు, అక్కది. నాన్నకు ఏం చెప్పాలో ఆ అక్కే కూర్చుని తమ్ముడితో మాట్లాడి తేల్చింది.

సోమవారం మీ ఓపీకి వచ్చే మొదటి మనిషిని, స్పృహా తెలివీ నిలకడగా ఉన్నప్పుడే, ఈ ఒక్క ప్రశ్న అడగండి: "మీకు బాగాలేనప్పుడు మీ తరఫున ఎవరు మాట్లాడాలి?" ఆ జవాబు రాసిన కాగితాన్ని ఫైల్లో మొదటి పేజీగా పెట్టండి.