చెక్‌పోస్టు లేని దారి

గుంటూరు మిర్చి లోడుతో చెన్నై వెళ్లే లారీ ఒకప్పుడు తడ దగ్గర బీవీపాలెం చెక్‌పోస్టులో ఆగి తీరాల్సిందే. బిల్లులు చూపాలి, ముద్ర పడాలి, అప్పటిదాకా డ్రైవరు వరుసలో నిలబడాలి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక సరిహద్దు పన్నుల తనిఖీ కేంద్రాలను ఎత్తేశారు.

2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకుకు ఈ-వే బిల్లు మొదలైంది. సాధారణంగా సరుకు విలువ 50,000 రూపాయలు మించితే, బండి కదలకముందే ఆన్‌లైన్‌లో బిల్లు తీయాలి. ఏం సరుకు, ఎవరిది, ఎవరికి, ఏ నంబరు లారీలో, అంతా అందులోనే ఉంటుంది. మామూలు లోడుకు ప్రతి 200 కిలోమీటర్లకూ ఒక రోజు గడువు. దారిలో లారీ చెడిపోయి సరుకు వేరే బండికి మార్చారనుకోండి, కొత్త నంబరు వెంటనే నమోదు చేయాలి.

2021 ఫిబ్రవరిలో జాతీయ రహదారులపై టోలు చెల్లించే ఫాస్టాగ్ తప్పనిసరైంది. లారీ టోల్‌గేటు దాటగానే యజమాని ఫోనుకు సందేశం వస్తుంది.

నిజంగా మేలైన మార్పే. అయితే గోదాముల దగ్గర సరుకు దించడానికి డ్రైవర్లు ఇంకా గంటలకొద్దీ కాచుకుంటున్నారు. అన్‌లోడింగు సమయాన్ని కూడా ముందే ఫోనులో ఖాయం చేసే పద్ధతి ప్రతి గోదాముకూ రావాలి.