సంఘం నిధి ఎవరి చదువుకు?



మాస్టారి పేరు మీద ఉపకారవేతన నిధి పెడుతున్నామని, ఈ ఏటి స్మారకోపన్యాసం మీరే ఇవ్వాలని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు విషయాన్ని నాకే వదిలేశారు. మాస్టారు ఎవరి పరీక్ష ఫీజు కట్టారో, ఎవరికి పుస్తకాలు కొనిపెట్టారో మీలో చాలామందికి నాకన్నా బాగా తెలుసు. అందుకని ఆ సంగతుల్లోకి వెళ్లను. ఆయన మనకు చెప్పిన పాఠం చరిత్ర. అందులోంచే ఒక పాయ తీసుకుంటాను. అమెరికా కళాశాలల్లో విద్యార్థులు కట్టుకున్న ఫ్రెటర్నిటీలు, అంటే సోదర సంఘాలు, చదువుకు ఇచ్చిన సాయం చరిత్ర అది. తన వాళ్ల కోసం పోగేసిన డబ్బును ఒక సంఘం పరాయి పిల్లల దాకా ఎప్పుడు తీసుకెళ్లింది, ఎందుకు తీసుకెళ్లింది? ఇవాళ మనం ఒక నిధిని మొదలుపెడుతున్నాం కాబట్టి ఈ ప్రశ్న మనది కూడా.

మొదలు 1776. ఆ ఏడాది జులైలో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడింది. డిసెంబర్ 5న వర్జీనియాలోని విలియమ్ అండ్ మేరీ కళాశాల విద్యార్థులు కొందరు ఫై బీటా కప్పా అనే సంఘం పెట్టుకున్నారు. దానికి ఒక ప్రమాణం, ఒక పతకం, సభ్యులు మాత్రమే గుర్తుపట్టే కరచాలనం ఉండేవి. తరగతిలో చర్చించే వీలు లేని విషయాల మీద వాళ్లు తమలో తాము వాదించుకునేవారు. కొన్నేళ్లకే అది యేల్‌కు, హార్వర్డ్‌కు పాకింది. రహస్య సంఘాల మీద దేశమంతా అనుమానం రేగిన రోజుల్లో, 1831లో, హార్వర్డ్ శాఖ గోప్యతను వదులుకుంది. అక్కడి నుంచి ఫై బీటా కప్పా అంటే బాగా చదివినవాళ్లకు దక్కే గౌరవంగా స్థిరపడింది.

కలిసి ఉండటం, కలిసి తినడం, ఒకరికొకరు అండగా నిలవడం అనే రెండో రకం సంఘాలు 1825 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో పుట్టాయి. ఇవాళ ఫ్రెటర్నిటీ అనగానే అమెరికన్లకు గుర్తొచ్చేవి ఇవే. పెద్ద ఇల్లు, తలుపు మీద గ్రీకు అక్షరాలు, చదువు ముగించి వెళ్లిన పాత సభ్యుల చందాలు. బాగా చదివిన సభ్యుడికి బహుమతి, ఇబ్బందుల్లో ఉన్న సభ్యుడికి అప్పు, నాయకత్వం చూపినవాడికి అవార్డు ఆ చందాల్లోంచే వచ్చేవి. తర్వాతి కాలంలో పన్ను చట్టం ఒక మలుపు తెచ్చింది. ఫ్రెటర్నిటీ చట్టం దృష్టిలో క్లబ్బు. క్లబ్బుకిచ్చే చందాకు పన్ను మినహాయింపు లేదు, విద్య కోసం పెట్టిన ఫౌండేషన్‌కిస్తే ఉంది. అందుకే పెద్ద ఫ్రెటర్నిటీలు చాలావరకు పక్కనే ఒక ఫౌండేషన్ పెట్టుకున్నాయి. ఇంటి పైకప్పుకు ఒక ఖాతా, స్కాలర్‌షిప్‌కు ఒక ఖాతా.

ఆ ఇళ్లలో చాలావాటికి ఒక షరతుండేది. సభ్యుడు తెల్లవాడై ఉండాలి, క్రైస్తవుడై ఉండాలి. కొన్ని నియమావళిలో రాసుకున్నాయి, కొన్ని రాయకుండానే పాటించాయి. 1948లో ఆమ్‌హర్స్ట్ కాలేజీలోని ఫై కప్పా సై శాఖ ఒక నల్లజాతి విద్యార్థిని చేర్చుకున్నందుకు జాతీయ సంఘం ఆ శాఖను సస్పెండ్ చేసింది. శాఖవాళ్లు ఆ కుర్రాణ్ణి వదులుకోలేదు, జాతీయ సంఘాన్నే వదులుకుని సొంతంగా నిలబడ్డారు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ అలాంటివాళ్లు కొద్దిమందే. తలుపు మూసి ఉన్న ఇంట్లో ఇచ్చే స్కాలర్‌షిప్ ఎంత పెద్దదైనా లోపలున్నవాళ్లకే చేరుతుంది.

ఇక నేను ప్రధానంగా చెప్పదలచుకున్న కథ. స్థలం న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా, కార్నెల్ విశ్వవిద్యాలయం. 1904-05లో అక్కడ చదివిన ఆరుగురు నల్లజాతి విద్యార్థులు మరుసటి ఏడాది తిరిగి రాలేదు. తెలివి చాలక కాదు. ఉండటానికి చోటు లేదు, కలిసి చదువుకునే తోడు లేదు, పాత నోట్సు ఇచ్చే సీనియర్ లేడు. ఆ ఖాళీని చూసి భయపడ్డ మిగతా విద్యార్థులు 1905-06లో ఒక పఠన బృందంగా కూడారు. దాన్ని సాహిత్య సంఘంగానే ఉంచాలని కొందరు, సోదర సంఘంగా మార్చాలని కొందరు వాదించుకున్నారు. రెండో పక్షం నెగ్గింది. 1906 డిసెంబర్ 4న ఏడుగురు కలిసి ఆల్ఫా ఫై ఆల్ఫాను స్థాపించారు. కళాశాల విద్యార్థుల కోసం నల్లజాతివాళ్లు పెట్టుకుని నేటికీ నిలిచిన తొలి గ్రీకు అక్షరాల సోదర సంఘం అది.

ఆ ఏడుగురిలో వెర్ట్‌నర్ టాండీ న్యూయార్క్ రాష్ట్రంలో నమోదైన తొలి నల్లజాతి ఆర్కిటెక్ట్ అయ్యాడు. యూజీన్ కింకిల్ జోన్స్ నల్లజాతివాళ్ల హక్కుల కోసం పనిచేసే నేషనల్ అర్బన్ లీగ్‌ను నడిపాడు. హెన్రీ కాలిస్ డాక్టరయ్యాడు. వాళ్లు మొదట ఒకరికొకరు ఇచ్చుకున్నది డబ్బు కాదు, వాళ్ల దగ్గర డబ్బెక్కడిది? మరుసటి ఏడాది కూడా కాలేజీకి తిరిగి రాగల ధైర్యం ఇచ్చుకున్నారు. స్కాలర్‌షిప్ చరిత్ర రాసేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోరు గానీ, నా దృష్టిలో అసలైన మొదలు ఇదే.

వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫా, 1913లో డెల్టా సిగ్మా థీటా వచ్చాయి. ఈ రెండూ మహిళల సంఘాలు. ఇండియానాలో కప్పా ఆల్ఫా సై, హోవార్డ్‌లోనే ఒమేగా సై ఫై 1911లో పుట్టాయి. వీటన్నిటికీ ఒకే ఇబ్బంది ఎదురైంది. తమ సభ్యులకు ఎంత సాయం చేసినా, సభ్యులు కాగల పిల్లలే తక్కువ. దక్షిణాది రాష్ట్రాల్లో ఎన్నో జిల్లాల్లో నల్లజాతి పిల్లలకు ప్రభుత్వ హైస్కూలే లేదు. హైస్కూలు లేని ఊళ్లోంచి కాలేజీకి ఎవరొస్తారు? కాబట్టి ఆల్ఫా ఫై ఆల్ఫా ‘హైస్కూలుకు వెళ్లు, కాలేజీకి వెళ్లు’ అనే ప్రచారం ఎత్తుకుంది. సభ్యులు చర్చిలకు, బడులకు వెళ్లి తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడారు. డెల్టా మహిళలు 1920లో మే నెల వారోత్సవాలు మొదలుపెట్టి ఆడపిల్లల పైచదువుల గురించి ఊరూరా చెప్పారు. కప్పా ఆల్ఫా సై 1922 నుంచి కుర్రాళ్లకు వృత్తి మార్గం చూపే కార్యక్రమం నడిపింది. సంఘం తన ద్వారం దాటి, ఇంకా బడి గేటే చూడని పిల్లవాడి దగ్గరికి నడిచి వెళ్లింది ఇక్కడే.

డెల్టా సంఘానికి 1919లో తొలి జాతీయ అధ్యక్షురాలు సేడీ టానర్ మోసెల్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఒక ఫెలోషిప్ అండతో చదివి 1921లో అర్థశాస్త్రంలో డాక్టరేట్ పొందింది. ఆ శాస్త్రంలో ఆ పట్టా అందుకున్న తొలి నల్లజాతి అమెరికన్ ఆమె. అయినా సొంత ఊరు ఫిలడెల్ఫియాలో తగిన ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. నార్త్ కరోలినా వెళ్లి ఒక బీమా కంపెనీలో పనిచేసింది. తర్వాత వెనక్కి వచ్చి అదే విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి 1927లో పట్టా తీసుకుంది. ఫెలోషిప్ చదువు దాకా తీసుకెళ్లగలదు. ఆ తర్వాతి తలుపు ఎవరు తెరవాలి?

దానికి జవాబు మేరీల్యాండ్‌లో దొరుకుతుంది. ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగుతాను. 1935లో డోనాల్డ్ గెయిన్స్ మర్రే అనే పట్టభద్రుడు మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ లా కాలేజీకి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆమ్‌హర్స్ట్‌లో చదివినవాడు, అర్హతకు లోటు లేదు. నల్లజాతివాడివి కాబట్టి సీటు లేదన్నారు. రాష్ట్రం అక్కడితో ఆగలేదు. నల్లజాతి విద్యార్థులకు మేం స్కాలర్‌షిప్ ఇస్తున్నాం కదా, వేరే రాష్ట్రానికి వెళ్లి చదువుకోవచ్చు కదా అని వాదించింది. ఆ ఏడాదే చట్టసభ అందుకోసం 10,000 డాలర్లు కేటాయించింది. ఒక్కొక్కరికి 200 డాలర్లు, అదీ ట్యూషన్ ఫీజుకే. రైలు టికెట్టు, అద్దె, తిండి ఎవరివి వారివే.

దీన్ని సరిగ్గా చూడండి. ఇది సాయం పేరుతో ఊళ్లోంచి పంపేసే ఏర్పాటు. స్కాలర్‌షిప్ అనే మంచి పనిని తలుపు మూయడానికి గడియగా వాడారు. అప్పుడు ఆల్ఫా ఫై ఆల్ఫా ఏం చేసింది? నీకు ఇంకో 200 మేం కలుపుతాం, బయట చదువుకో అనవచ్చు. అలా అనలేదు. కోర్టు దారి పట్టింది. కేసు కదిలించినవాళ్లలో ఆల్ఫా సభ్యుడైన న్యాయవాది బెల్‌ఫర్డ్ లాసన్ ఉన్నాడు. కోర్టులో వాదించిన చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్, థర్గుడ్ మార్షల్ కూడా ఆ సంఘం వాళ్లే. మార్షల్ పుట్టిందే బాల్టిమోర్‌లో. సొంత ఊరి లా కాలేజీ తనలాంటివాళ్లను తీసుకోదని హోవార్డ్‌లో చదివినవాడు. అదే లా కాలేజీ మీద ఇప్పుడు కేసు.

1935 జూన్‌లో బాల్టిమోర్ న్యాయమూర్తి మర్రేను చేర్చుకోమని ఆదేశించారు. 1936 జనవరిలో రాష్ట్ర అప్పీళ్ల కోర్టు దాన్ని ఖాయం చేసింది. బయటి రాష్ట్రాల స్కాలర్‌షిప్పు సమానత్వం కాదని తేల్చింది. మర్రే 1938లో పట్టా తీసుకున్నాడు. అదే ఏడాది మిస్సోరీ రాష్ట్రం పెట్టిన ఇలాంటి ఏర్పాటే లాయిడ్ గెయిన్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. వాదించింది హ్యూస్టనే. రాష్ట్రం తన గడప లోపలే సమాన సదుపాయం చూపాలి, పొరుగు రాష్ట్రంలో ఫీజు కట్టి చేతులు దులుపుకోవడం కుదరదని కోర్టు చెప్పింది. 1954లో బడుల్లో జాతివివక్ష చెల్లదన్న బ్రౌన్ తీర్పు దాకా సాగిన దారిలో ఇవి తొలి మైలురాళ్లు. మార్షల్ 1967లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు.

ఒక సోదర సంఘం ఇచ్చిన అతి గొప్ప విద్యా పురస్కారం ఏదని నన్నడిగితే ఈ కేసే అంటాను. ఒక కుర్రాడి సీటు కోసం నడిచిన ఆ కేసు, ఆ తర్వాత ఆ కాలేజీ మెట్లెక్కిన ప్రతి నల్లజాతి విద్యార్థికీ పనికొచ్చింది. వాళ్లలో ఎందరు ఆల్ఫా సభ్యులో ఎవరూ అడగలేదు.

ఈ సంఘాలను పొగడ్తలతో ముంచెత్తి వదిలేయడం మాస్టారికి నచ్చదు. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ అనే సమాజ శాస్త్రవేత్త 1950లలోనే నల్లజాతి మధ్యతరగతి మీద రాసిన పుస్తకంలో ఈ సంఘాల ఆడంబరాన్ని, హోదా మోజును గట్టిగా విమర్శించాడు. అది కొట్టిపారేయదగ్గ మాట కాదు. ఇక కొత్త సభ్యులను హింసించే ర్యాగింగ్ జాడ్యం తెల్ల, నల్ల తేడా లేకుండా ఫ్రెటర్నిటీలను పట్టుకుంది. పిల్లల ప్రాణాలు పోయాయి. ఒక చేత్తో అవార్డు ఇచ్చి ఇంకో చేత్తో కొత్తగా వచ్చిన కుర్రాణ్ణి అర్ధరాత్రి నిలబెట్టి సారా తాగించే సంఘానికి ‘సోదర’ అన్న పేరు తగదు. ఈ మాట అనడానికి నేను వెనుకాడను. ఎందుకంటే తెలుగువాళ్ల పిల్లలు కూడా ఇప్పుడు ఆ సంఘాల్లో చేరుతున్నారు. దక్షిణాసియా మూలాలున్న విద్యార్థుల కోసం టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్‌లో 1998లోనే డెల్టా ఎప్సిలాన్ సై అనే సంఘం పుట్టింది. బిడ్డను అమెరికా పంపే తల్లిదండ్రులు ఫీజుతో పాటు ఇదీ అడిగి తెలుసుకోవాలి.

మనకు నేరుగా సంబంధమున్న ఇంకో సంగతి చెబుతాను. 1869లో అయోవా రాష్ట్రంలోని మౌంట్ ప్లెజెంట్ అనే చిన్న ఊళ్లో, కాలేజీలో చదివే ఏడుగురు అమ్మాయిలు పి.ఇ.ఓ. అనే సహోదరీ సంఘం పెట్టుకున్నారు. కొన్నాళ్లకు అది కళాశాల ఆవరణ దాటి ఊళ్లలోని స్త్రీల సంఘమైంది. 1907లో ఆడపిల్లల చదువుకు అప్పులిచ్చే నిధి మొదలుపెట్టింది. ఒకమ్మాయి తిరిగి కట్టిన డబ్బు ఇంకో అమ్మాయికి వెళ్తుంది. 1949లో, ప్రపంచ యుద్ధం గాయాలు ఇంకా మానకముందే, ఆ సంఘం ఇంకో నిధి పెట్టింది. అది అమెరికా, కెనడా అమ్మాయిలకు కాదు. ఇతర దేశాల నుంచి వచ్చి అక్కడ పైచదువులు చదివే స్త్రీలకు. చదువయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్లి పనిచేయాలన్నది షరతు. గుంటూరు అమ్మాయి, కరీంనగర్ అమ్మాయి కూడా దానికి అర్హురాలే. అయోవాలో ఎప్పుడో ఏడుగురు స్నేహితురాళ్లు ఏర్పాటు చేసుకున్న సంఘం, తాము ఎన్నడూ చూడని దేశపు ఆడపిల్లకు చదువు చెప్పించడం దాకా వచ్చింది. ఈ సభలో ఉన్న విద్యార్థినులు ఆ పేరు గుర్తు పెట్టుకోండి, వివరాలు వెతికి దరఖాస్తు చేయండి.

మన నిధి నియమాల ముసాయిదా కార్యదర్శి గారు నాకు చూపించారు. దాని మీద నా మూడు విన్నపాలు. దరఖాస్తులో ‘తల్లిదండ్రులు మన సంఘ సభ్యులా’ అని ఒక గడి ఉంది. అది తీసేయండి. డిగ్రీలో చేరినవాళ్లకే ఇస్తామని రాశారు. పదో తరగతి నుంచే ఇవ్వండి, ఎందుకంటే మన చుట్టుపక్కల ఊళ్లలో ఆడపిల్లలు బడి మానేసేది అక్కడే. ఇక మూడోది. ఫీజుతో సరిపెట్టకండి. బస్సు పాసు, హాస్టల్ మెస్ బిల్లు, పరీక్ష ఫీజు కూడా కలపండి. మాస్టారు కట్టిన ఫీజుల్లో ఎక్కువ భాగం ఆ చిన్న ఖర్చులవే. నియమాలు మార్చడానికి ఈ సర్వసభ్య సమావేశానికి అధికారం ఉంది. ఇవాళే తీర్మానం పెట్టవచ్చు.