అర్ధ మారథాన్‌లో గెలుపోటములు

21.0975 కిలోమీటర్ల అర్ధ మారథాన్‌లో ఔత్సాహిక రన్నరు ఒకసారి మంచి సమయం సాధించి, అంతే సాధనతో మరుసటిసారి వెనుకబడడానికి ఆరంభవేగమూ వాతావరణమూ తరచు కారణమవుతాయి. తొలి కిలోమీటర్లను శక్తికి మించిన వేగంతో పరుగెత్తినప్పుడు, గ్లైకోజెన్, అనగా కండరాలలోను కాలేయంలోను నిల్వ ఉండే పిండిపదార్థం, త్వరగా తరిగి చివరి భాగంలో కాళ్లు బరువెక్కుతాయి. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో గాలిలోని తేమ చెమటను ఆరనివ్వక దేహతాపాన్ని పెంచుతుంది, ఫ్లైఓవర్ల ఎత్తుపల్లాలు శ్రమను ఇనుమడింపజేస్తాయి. అక్కడి సమయాన్ని చల్లని, చదునైన మార్గంలో నమోదైన సమయంతో పోల్చుకొని నిరుత్సాహపడడం ఎంతమాత్రం న్యాయం కాదు. శ్రోతలలో పరుగు సాధన చేసేవారు ఆరంభంలో వేగాన్ని అదుపులో ఉంచుకోవాలి, ఛాతీనొప్పి గాని తలతిరుగుడు గాని కలిగితే వెంటనే ఆగి వైద్యసహాయం పొందాలి.