తప్పు జవాబును చదవడం
(గిడుగు రామమూర్తి స్మారకోపన్యాసం)



గిడుగు రామమూర్తి గారి పేరు వినగానే మనకు వ్యావహారిక భాషోద్యమం, గ్రాంథికవాదులతో ఆయన పెట్టుకున్న పేచీలు గుర్తొస్తాయి. వాటన్నిటికీ ముందు ఆయన ఒక బడిపంతులు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఫస్టుఫారం పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో చేరారు. ఫస్టుఫారం అంటే నేటి ఆరో తరగతి. అందుకే ఇవాళ ఆ వయసు పిల్లల సంగతే మాట్లాడదలిచాను. పిల్లవాడు చదివింది వాడికి అర్థమైందో లేదో పక్కవాడికి ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు కనీసం రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

మన వైపు నుంచే మొదలుపెడతాను. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తన జిల్లాలోని బడుల మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. జిల్లాలో 533 బడులు, వాటిలో 226 తెలుగు బడులు అని లెక్క కట్టాడు. తెలుగుకు వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి కనుక బడిలో ఏం వినిపిస్తోందో ఆయనకు తెలుసు. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతున్నారు, అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే తెలుసు అన్నాడు. ఆ పద్యాల భాష పంతులుకే సరిగా తెలియదని కూడా రాశాడు. దొరల నివేదికల్లో ఎగతాళి ఎప్పుడూ ఒక పాలు ఉంటుంది, దాన్ని తీసేసి చదవాలి. తీసేశాక కూడా ఒక సంగతి మిగులుతుంది. అప్పజెప్పడం వేరు, అర్థం చేసుకోవడం వేరు అని గుర్తించాడు. ఆ రెండో దాన్ని కొలిచే సాధనం మాత్రం ఆయన దగ్గర లేదు.

తర్వాత వచ్చిన సాధనం ఇనస్పెక్టరు చెవి. 1862లో ఇంగ్లండులో ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి పెట్టారు. కొద్ది ఏళ్లలో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఇనస్పెక్టరు ఏడాదికోసారి వస్తాడు, ఒక్కొక్క పిల్లవాడి చేత పైకి చదివిస్తాడు, పాసైన తలకు ఇంత అని బడికి డబ్బు ముడుతుంది. ఇంకేముంది, వాచకం మొత్తం కంఠతా పట్టించారు. కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఇంగ్లండులో బడుల ఇనస్పెక్టరుగానే జీవితం గడిపాడు. చదవడం రాని పిల్లలను కూడా చదువు పరీక్షలో గట్టెక్కించే ఉపాయం బడులకు దొరికిందని తన నివేదికల్లోనే మొత్తుకున్నాడు. గైడు పుస్తకాలు మన కనిపెట్టుడే అనుకుంటాం కానీ, ఆ గౌరవం మనకు దక్కదు.

1900ల తొలి దశకంలో జె.ఎ. యేట్స్ ఉత్తర సర్కారు జిల్లాలకు ఇనస్పెక్టరుగా వచ్చాడు. జనం మాట్లాడే తెలుగుకూ పుస్తకాల తెలుగుకూ ఇంత ఎడం ఎందుకని ఆయనకు అనుమానం వచ్చింది. విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ను అడిగితే ఆయన గురజాడనూ గిడుగునూ చూపించారు. ఈ కథ మనం ఎప్పుడూ సాహిత్య చరిత్రగానే చెప్పుకుంటాం. నేను దీన్ని పరీక్షల చరిత్రగా చదువుతాను. గ్రాంథికంలో ఉన్న పేరా ఇచ్చి పిల్లవాడికి అర్థం కాలేదని సున్నా వేస్తే, ఆ సున్నా ఎవరిది? చదవడం రాక వచ్చిందా, ఆ భాష ఎన్నడూ వినక వచ్చిందా? గిడుగు వారు సవర పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని, అందులో వాచకాలు తయారుచేసి, సొంత ఖర్చుతో బడి నడిపింది కూడా ఈ ప్రశ్న ఎదురైనందుకే అని నా నమ్మకం. ఇవాళ ఉట్నూరులో గోండు పిల్లకు, చింతూరులో కోయ పిల్లవాడికి తెలుగు గద్యం ఇచ్చి మార్కులు వేసేటప్పుడు ఆ ప్రశ్న అలాగే ఉంది.

ఇంతలో అమెరికాలో కథ వేరే దారి పట్టింది. 1915 ప్రాంతంలో కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ మౌనపఠన పరీక్ష ఒకటి తయారుచేశాడు. ఒకే జవాబుకు ఒక పంతులు ఎనిమిది, ఇంకొకరు నాలుగు వేయడం ఆయనకు నచ్చలేదు. జవాబు ఒక్కటే ఉండాలి, చూడగానే తప్పో ఒప్పో తేలాలి అన్నాడు. నాలుగింటిలో ఒకటి ఎంచుకునే పరీక్షలకు మూలపురుషుల్లో ఆయన ఒకడు.

రెండేళ్లు తిరగకుండా, 1917లో, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఒక వ్యాసం అచ్చువేశాడు. నా దృష్టిలో ఈ విషయం మీద వచ్చిన వాటిలో ఇప్పటికీ ఇదే గొప్పది. ఆరో తరగతి పిల్లలకు చిన్న పేరా ఇచ్చాడు. ఫ్రాంక్లిన్ అనే ఊళ్లో పిల్లలు బడికి తప్పనిసరిగా రావాలి, జబ్బు చేస్తేనో, దారులు మూసుకుపోతేనో మినహాయింపు, అంతే దాని సంగతి. ఈ పేరా దేని గురించి అని అడిగాడు. కొందరు ఫ్రాంక్లిన్ అని రాశారు. కొందరు ఆయన గొప్ప ఆవిష్కర్త అని రాశారు, పాపం బెంజమిన్ ఫ్రాంక్లిన్ గుర్తొచ్చాడు. ఇంకొందరు పేరా పెద్దక్షరంతో మొదలవుతుందని రాశారు, ఎందుకంటే పేరా అన్న మాట విన్నప్పుడల్లా వాళ్ల టీచరు చెప్పింది అదే.

వేరొకరైతే ఇవన్నీ తప్పు అని కొట్టేసి ఎంతమంది తప్పారో లెక్క చెప్పేవారు. థార్న్‌డైక్ ఆ తప్పులనే కూర్చుని చదివాడు. పిల్లలకు మాటలు తెలియక తప్పడం లేదు, ఏదో ఒక మాట మిగతావాటి మీద పెత్తనం చేస్తోంది, ఇంకో మాట ఉండీ లేనట్టు అయిపోతోంది అన్నాడు. పేరా అర్థం చేసుకోవడమంటే ఏ మాటకు ఎంత బరువివ్వాలో తూచుకోవడం, అది లెక్క చేయడం లాంటి ఆలోచనే అని తేల్చాడు.

తర్వాతి వందేళ్లలో బడులు కెల్లీ వెంట నడిచాయి, థార్న్‌డైక్ వెంట కాదు. కారణం తెలిసిందే. కెల్లీ పరీక్ష చవక, త్వరగా దిద్దవచ్చు.

1953లో విల్సన్ టేలర్ ఖాళీలు పూరించే పద్ధతి తెచ్చాడు. ప్రతి అయిదో మాటా తీసేసి పూరించమనడం. ఆయన అసలు ఉద్దేశం పిల్లలను కాదు, వాక్యాల కాఠిన్యాన్ని కొలవడం. తెలుగులో ఇది అంత సాఫీగా నడవదు. ‘చెప్పలేకపోయినవాళ్లకు’ అన్న ఒక్క ఖాళీలో ఇంగ్లిషు ఖాళీలు నాలుగైదు కూర్చుంటాయి.

1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు 64 మందికి బేస్‌బాల్ ఆట గురించిన వ్యాసం ఇచ్చారు. చదువులో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదువులో ముందున్నా ఆట తెలియని వాళ్లకంటే బాగా అర్థం చేసుకున్నారు. అంటే చదివే శక్తి అని మనం కొలిచే దాంట్లో ముందే తెలిసిన సంగతుల వాటా పెద్దది. విమానాశ్రయం గురించి ఒక పేరా, వరినాట్ల గురించి ఒక పేరా ఇచ్చి చూడండి, తరగతిలో ర్యాంకులు తారుమారవుతాయి.

మన దగ్గర 2005 నుంచి అసర్ (వార్షిక విద్యా స్థితి నివేదిక) సర్వే వాళ్లు ఊళ్లకు వెళ్లి పిల్లల చేత చదివిస్తున్నారు. 2018లో దేశంలోని గ్రామాల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు సుమారు 73 శాతం. ఆ సంఖ్య మీద చాలా గోల జరిగింది, జరగాల్సిందే. అయితే అది ప్రధానంగా పైకి చదవగలరా లేదా అన్న లెక్క, అర్థం సంగతి కాదు. చదివిన ఆ 73 శాతంలో అర్థమైనవాళ్లెందరో దాన్నిబట్టి చెప్పలేం. 2011 విద్యా ప్రణాళిక తర్వాత మన తెలుగు వాచకాల్లో ‘అవగాహన-ప్రతిస్పందన’ అనే భాగం వచ్చింది, పరీక్షల్లో అపరిచిత గద్యానికి చోటు దక్కింది. మంచి మార్పే. కానీ ఏడాది తిరిగేసరికి అపరిచిత గద్యాలు కూడా గైడుల్లో పరిచితమైపోయాయి.

థార్న్‌డైక్ చేసినట్టు తప్పులను చదవడమంటే ఏమిటో చూడటానికి ఒక పేరా ఊహించుకుందాం. ‘చెరువు నిండాకే తూము ఎత్తాలి. అయితే నారుమళ్లు ఎండిపోతుంటే ఊరి పెద్దలు కూర్చుని ముందే ఎత్తించవచ్చు.’ ప్రశ్న: చెరువు సగమే నిండింది, తూము ఎత్తొచ్చా? ఒక అమ్మాయి ‘ఎత్తకూడదు, నిండాకే ఎత్తాలి’ అని రాసింది. ఒకడు ‘ఎత్తొచ్చు, మా ఊళ్లో ఎత్తుతారు’ అన్నాడు. ఇంకొకడు పేరా మొత్తం దించేశాడు. ముగ్గురికీ సున్నా. కానీ ఆ అమ్మాయి బాగానే చదివింది, ‘అయితే’ అన్న మాటకు బరువు ఇవ్వలేదు, అంతే. రెండోవాడు పేరాను పక్కనపెట్టి తనకు తెలిసింది రాశాడు. మూడోవాడి సంగతి కాగితం మీద తేలదు, దగ్గర కూర్చోబెట్టుకుని ఒకసారి చదివించి, నీ మాటల్లో చెప్పమనాలి. ముగ్గురికీ రేపు చెప్పాల్సిన పాఠాలు మూడు రకాలు. మార్కుల రిజిస్టరులో మూడు సున్నాలు ఒకేలా ఉంటాయి.

నలభై మంది ఉన్న తరగతిలో ఇదంతా ఎవరు చేస్తారు మాస్టారూ అని మీలో ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అందరి జవాబులూ చదవనక్కర లేదు. నెలకు ఒక పేరా, దానిమీద ‘ఎందుకు’ అని అడిగే ఒకే ప్రశ్న. ఒప్పు రాసినవాళ్ల కాగితాలు పక్కన పెట్టేయండి. మిగిలినవి నాలుగైదు దొంతరలకు మించవు. మార్కులు వేయకండి. ఏ దొంతరలో ఎవరున్నారో పేర్లు రాసుకుని, వచ్చే నెల కాగితాలతో పోల్చి చూడండి.